మూడడుగుల అనుమానం

1948వ సంవత్సరం, ఎండాకాలం. సోమశిలకు కొంచెం ఎగువన కృష్ణ ఒడ్డున ఒక రాతిగుట్ట, గుట్ట మీద రేకుల గది, గుట్ట కింద నీళ్ళలోకి దిగిన ఒక పొడుగాటి కొయ్య. అదీ నా ఆఫీసు. ఆ కొయ్య మీద అడుగులూ అంగుళాలూ గీసి ఉండేవి. దాన్ని గేజ్‌పోస్ట్ అంటారు. రోజూ పొద్దున్నే మెట్లు దిగి, నీళ్ళు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి, పైకొచ్చి రిజిస్టర్లో రాయడం నా ఉద్యోగం. గేజ్ రీడర్ అనేవారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం నీళ్ళను చూసి జీతం తీసుకునేవాడు అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

మాది గద్వాల. నాయన మగ్గం నేసేవాడు. కొత్త రంగు నూలు ఇంటికొస్తే దాన్ని తడిపి, తెల్లగుడ్డ మీద రుద్ది, ఎండలో ఆరేసి చూసుకుంటే తప్ప నమ్మేవాడు కాదు. మనుషుల్నీ అలాగే చూసేవాడు. ఆ బుద్ధే నాకు వచ్చింది. వనపర్తిలో ఉర్దూ మిడిల్ దాకా చదివి ఈ నౌకరీలో చేరినప్పుడు, అనుమానం గేజ్ రీడర్‌కు ఉండాల్సిన మంచి గుణమేనని గర్వపడేవాణ్ణి కూడా. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పటికి కృష్ణకు ఇటు గట్టు నిజాం రాజ్యం, అటు గట్టు కర్నూలు జిల్లా, యూనియన్ ప్రభుత్వానిది. పైన హైదరాబాదులో, ఢిల్లీలో పెద్దవాళ్ళ మాటలు ఒక వారం కలిసేవి, ఒక వారం తెగేవి. వాటి సంగతి మాకు సగమే తెలిసేది. మా రేవులో తెలిసినదల్లా, అటు నుంచి ఉప్పు రావడం ఆగింది, నూలు ఆగింది, కిరసనాయిలు ఆగింది, చివరికి పుట్టి కూడా ఆగింది. పుట్టి అంటే వెదురుతో అల్లి పైన తోలు కప్పిన గుండ్రటి పడవ. అంతకుముందు రోజూ ఒక పుట్టి అటూ ఇటూ తిరిగేది. అందులో మనుషులతో పాటు ఒక చీటీ కూడా వెళ్ళేది.

ఆ చీటీ గురించి కొంచెం చెప్పాలి. మా రేవుకు ఎగువన కృష్ణలో తుంగభద్ర కలుస్తుంది. కృష్ణ వరద గద్వాల మీదుగా వస్తుంది కాబట్టి ఆ కబురు మాకు ముందు తెలిసేది. తుంగభద్ర వరద కర్నూలు మీదుగా వస్తుంది కాబట్టి అది వాళ్ళకు ముందు తెలిసేది. సగం కబురు మా చేతిలో, సగం వాళ్ళ చేతిలో. పొద్దున చీటీలు మారితే రెండు గట్లకూ పూర్తి సంగతి తెలిసేది. పుట్టి ఆగిపోయాక ఎవరి సగం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

నది నడుమ ఒక లంక ఉండేది. అరమైలు పొడుగు ఇసుకదిబ్బ, మీద గడ్డి, తుమ్మచెట్లు. లంక మాదని మేము, తమదని వాళ్ళు. ఆ ఏడు మెట్టపొలాల్లో మేత లేక వీపనగండ్ల వైపు రైతులు పశువుల్ని తోలుకొచ్చి లంక ఉత్తరం కొనన గుడిసెలు వేసుకున్నారు. దక్షిణం కొనన అవతలి వాళ్ళ మేకలు. వానాకాలం మొదలై, కబురు లేకుండా తుంగభద్ర పొంగితే ఆ లంక మీద ఒక్క ప్రాణి మిగలదు. ఆ భయం రెండు వైపులా ఉండబట్టే, పైన మాటలు తెగినా కింద మా రేవులో ఒక మాటల బైఠక్ పెట్టుకోవడానికి ఇద్దరు అధికారులు ఒప్పుకున్నారు. మా వైపు తహసీల్దారు, వాళ్ళ వైపు డిప్యూటీ తహసీల్దారు.

ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే సగం పూట గడిచింది. వాళ్ళ గట్టుకు మేము పోము, మా గట్టుకు వాళ్ళు రారు. నది సరిగ్గా నడుమ కూర్చుందామన్నారు. నడిమి ఎక్కడో కొలవడానికి మా వైపు నుంచి నన్ను, వాళ్ళ వైపు నుంచి వాళ్ళ గేజ్ రీడర్‌ను దింపారు. అతని పేరు ఓబులేసు. సన్నగా, నల్లగా, మోకాళ్ళ పైకి పంచె ఎగ్గట్టి ఉన్నాడు. ఇద్దరం చెరో వైపు గొలుసు పట్టుకుని ఇసుకలో, నీళ్ళలో నడిచి కొలిచాం. నడిమి తీరా తొడలోతు నీళ్ళలో తేలింది. అధికారులు నీళ్ళలో కూర్చోలేరు కదా. చివరికి ఆ పాయకు ఇటు ఒడ్డున మా చాప, అటు ఒడ్డున వాళ్ళ చాప పరిచారు. పక్కనే అంత పెద్ద నది పారుతుంటే తాగడానికి ఎవరి కుండలు వాళ్ళు తెచ్చుకున్నారు.

వాళ్ళ జమేదారు చంకలో పొడుగాటి సంచీ ఒకటి ఉంది. విప్పి చూపించమని మా అమీన్ పట్టుబట్టాడు. అమీన్ అంటే ఇప్పటి సబ్‌ఇన్‌స్పెక్టరు. విప్పితే గొడుగు. దానికి బదులుగా మా తహసీల్దారు పాన్‌దాన్ తెరిచి చూపించమని వాళ్ళు అడిగారు. తెరిస్తే తమలపాకులు. అయినా ఎవరికీ నమ్మకం కలగలేదు. గొడుగు తెచ్చినవాడు ఇంకేదో తేకుండా ఉంటాడా అనుకున్నాం మేము.

మొత్తానికి మూడు సంగతులు ఒప్పుకున్నారు. చేపలు పట్టే వాళ్ళ మీద, పశువుల మీద తుపాకీ ఎత్తరాదు. లంక మీద ఉన్నవాళ్ళు ఉన్నచోటే ఉండాలి. మూడోది మా ఇద్దరిదీ. రోజూ పొద్దు బారెడెక్కగానే రెండు గట్ల గేజ్ రీడర్లూ తమ తమ లెక్కను గుంజకెత్తి అవతలి గట్టుకు చూపించాలి. ఒకే నది, ఒకే నీళ్ళు, రెండు లెక్కలూ ఒకటే రావాలి. కొన్నాళ్ళు అలా సరిపోతే, అవతలి వాడు అబద్ధమాడడని తేలుతుంది. అప్పుడు వరద కబురు చెప్పినా నమ్మవచ్చు. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను.

ఏం ఎత్తాలన్న దగ్గర మళ్ళీ చిక్కు. తెల్లగుడ్డ అంటే మేము లొంగిపోయినట్టు ఉంటుందని మా అమీన్ అన్నాడు. పసుపుపచ్చది మా సర్కారు జెండా రంగని వాళ్ళు వద్దన్నారు. కాషాయం, ఆకుపచ్చ వాళ్ళ జెండాలో ఉన్నాయని మేము వద్దన్నాం. ఎర్రది మాత్రం ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. ఆ రోజు ఏ చిక్కూ లేకుండా కుదిరిన ఒప్పందం అదొక్కటే. నాకు విసుగొచ్చి, నా అంతస్తు మరిచి నోరు తెరిచాను.

"గంపలు కడ్తం సాబ్. గంపకు సర్కారు లేదు."

తహసీల్దారు నన్ను గుర్రుగా చూశాడు గానీ ఆ మాట నిలిచింది. గంప ఒకటి కడితే ఐదడుగులు, చాట ఒకటి కడితే అడుగు. మరి నిజంగా వరద వస్తే ఏం కట్టాలని అడిగారు. ఓబులేసు తాను కూర్చున్న చాప అంచు పట్టుకుని పైకెత్తి చూపించాడు.

"ఈ సాపనే కడదాం సార్. దీనికీ ఏ రంగూ లేదు."

ఒప్పందం మేము ఉర్దూలో రాసుకున్నాం, వాళ్ళు ఇంగ్లీషులో రాసుకున్నారు. ఎవరి కాగితం మీద వాళ్ళే సంతకం పెట్టుకుని లేచారు. గొలుసు చుట్టేటప్పుడు ఓబులేసు, నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో ఎదురెదురుగా నిలబడ్డాం. ఒక్క మాట మాట్లాడుకుని ఉండవచ్చు. గట్ల మీద నుంచి అందరూ మమ్మల్నే చూస్తున్నారని ఇద్దరం తలలు వంచుకుని గొలుసు చుట్టాం.

మొదటిరోజు మా కొయ్య మీద మూడడుగులు. నేను మూడు చాటలు ఎత్తాను. దుర్బీను కంటికి పెట్టుకుని అటు చూశాను. అవతల ఒక గంప, ఒక చాట. అంటే ఆరు. మళ్ళీ చూశాను. ఆరే. రెండోరోజు మాది నాలుగు, వాళ్ళది ఏడు. మూడోరోజు ఐదు, ఎనిమిది.

తహసీల్దారు నాగర్‌కర్నూలు నుంచి గుర్రం మీద వచ్చి రిజిస్టర్ చూశాడు. ఆయనకు సంగతి వెంటనే అర్థమైపోయింది. నీళ్ళు ఎక్కువున్నట్టు చూపించి మన వాళ్ళను భయపెట్టి లంక ఖాళీ చేయించి, ఆ పై వాళ్ళు దాన్ని ఆక్రమిస్తారన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. అనిపించడమేమిటి, నాకు అంతకుముందు రోజే అనిపించింది. రిజిస్టర్లో చివరి గడిని కైఫియత్ అంటారు. ఏదైనా విశేషం ఉంటే అందులో రాయాలి. ఆ గడిలో 'ఫరేబ్' అని రాయమన్నాడు. మోసం అని అర్థం. రోజూ రాశాను. ఎంత శ్రద్ధగా రాశానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆ మాట చివరి అక్షరం కింద తోక కొంచెం పొడుగ్గా తీసేవాణ్ణి.

తేడా రోజూ మూడే వస్తున్నదని నేను గమనించకపోలేదు. దాన్ని వాళ్ళ మొండితనం అనుకున్నాను. అమీన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. మనకంటే ముందు ఎత్తిన రోజున కూడా సరిగ్గా మూడు కలపాలంటే మన లెక్క వాళ్ళకు ముందే అందుతూ ఉండాలి, అంటే మన రేవులో గూఢచారి ఉన్నాడన్నాడు. అనుమానం పుట్టివాడు మల్లయ్య మీదికి పోయింది. యాభై ఏళ్ళ మనిషి, నేను మామా అని పిలిచేవాణ్ణి. తుంగగడ్డిలో కూర్చుని బీడీ తాగినా ఎవరికో సైగ చేస్తున్నాడనేవారు. చివరికి అతని తెడ్లు రెండూ తీసుకుపోయి పోలీసు చౌకీలో పెట్టి తాళం వేశారు. రాత్రిళ్ళు రేవు దగ్గర జవాన్లను కాపలా పెట్టారు. మల్లయ్య మామ నా దగ్గరకు వచ్చి, నువ్వన్నా చెప్పు సారూ అన్నట్టు నిలబడ్డాడు. నేనేమీ చెప్పలేదు. లోపల నాకూ అనుమానమే.

ఇలా నెల దాటింది. శ్రావణమాసం. మా వైపు ఆకాశం కడిగినట్టు ఉంది. గద్వాల నుంచి వచ్చిన తారులో, అంటే టెలిగ్రాములో, కృష్ణ మామూలుగా ఉన్నదని రాశారు. ఆ పొద్దున నేను మెట్లు దిగి చూసి వచ్చి, రెండు గంపలు, ఒక చాట ఎత్తాను. పదకొండు. దుర్బీను ఎత్తితే అవతలి గుంజ మీద గంపలు లేవు. చాప ఉంది.

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. చౌకీ నుంచి అమీన్ వచ్చి తనూ చూసి నవ్వాడు. నెల రోజులుగా మూడడుగులు కలిపినా మనం కదలలేదని ఇప్పుడు ఏకంగా చాప ఎత్తారన్నాడు. లంక మీది వాళ్ళను లేపినవాణ్ణి యూనియన్ మనిషిగా లెక్కగడతానని నా ముఖం మీదే చెప్పి వెళ్ళాడు. ఆ రోజుల్లో ఆ లెక్కకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. అలా లెక్కగట్టిన వాళ్ళు కొందరు ఇళ్ళకు తిరిగి రాలేదు.

మళ్ళీ దుర్బీను పెట్టాను. లంక దక్షిణం కొన నుంచి వాళ్ళ మేకల్ని పుట్టెల్లో ఎక్కిస్తున్నారు. ఇది కూడా నాటకమే అనుకున్నాను. మేకల్ని తీసేస్తే మనం నమ్ముతామని. తర్వాత గుంజ దగ్గరికి చూపు తిప్పాను. ఓబులేసు ఒక్కడే ఉన్నాడు. చాప దించుతున్నాడు, ఎత్తుతున్నాడు. దించుతున్నాడు, ఎత్తుతున్నాడు. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా ఆ పని ఆపలేదు. నాటకం ఆడేవాడు అంతసేపు చెమటోడుస్తాడా అని మొదటిసారి అనిపించింది.

రిజిస్టర్ తీశాను. ఆ రోజు గడిలో ఫరేబ్ అని రాయడానికే తీశాను. కలం ముంచి, పైనున్న వరుసలు చూశాను. మల్లయ్య తెడ్లు లాక్కుని పదహారు రోజులైంది. ఈ పదహారు రోజుల్లో పిట్ట కూడా అటు పోలేదు. నది ఒక రాత్రి నాలుగడుగులు పెరిగింది, ఇంకో రాత్రి రెండు తగ్గింది. ఎన్నో రోజులు వాళ్ళే ముందు ఎత్తారు, నేను తర్వాత ఎత్తాను. నా లెక్క చూడకుండా, ఎవరూ చెప్పకుండా, నా లెక్క మీద మూడు ఎలా కలుపుతారు? ఆ మనిషి చూస్తున్నది నేను చూస్తున్న నీళ్ళనే అయితే తప్ప కుదరదు. మరి మూడడుగులు ఎక్కడివి?

నా చేతిలో కలం ఆగిపోయింది. ఒక వరద తర్వాత కొయ్యను జరిపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మూలనున్న ఇనుప పెట్టె తెరిచి రెండేళ్ళ కిందటి రిజిస్టర్ బయటికి తీశాను. అట్ట లోపలి వైపు నా దస్తూరీయే. 'వరదకు పోస్ట్ కింది రాయి పగిలింది. పోస్ట్‌ను పై మెట్టుకు జరిపాను. ప్రతి లెక్కకూ మూడడుగులు కలిపి రాయాలి.'

దీన్ని మా పనిలో కరెక్షన్ అంటారు. కొయ్య మీద సున్నా ఉన్న చోటును జీరో లెవెల్ అంటారు. కొయ్య పైకి జరిగితే సున్నా కూడా పైకి జరుగుతుంది, నీళ్ళు ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తాయి. ఆ ఏడాది చివరిదాకా నేను బుద్ధిగా మూడు కలిపి రాశాను. ఆజుర్ నెలలో, అంటే అక్టోబరులో, కొత్త ఫస్లీ సాలు, అంటే సర్కారీ సంవత్సరం వచ్చింది, కొత్త రిజిస్టర్ వచ్చింది. పాతది పెట్టెలోకి పోయింది. అట్ట మీద రాసుకున్న ముక్క కూడా దానితోపాటే పెట్టెలోకి పోయింది. అప్పటి నుంచి నేను రోజూ నదిని మూడడుగులు తక్కువ చేసి రాస్తూనే ఉన్నాను. అబద్ధమాడుతున్నది మా గట్టే. ఆడుతున్నది నేనే. జెండా రంగుల మీద సగం పూట వాదించిన అన్ని తలకాయల్లో ఒక్కటీ, నీ సున్నా ఎక్కడుంది అని అవతలి వాణ్ణి అడగలేదు. నీళ్ళలో అతని ఎదురుగా నిలబడ్డ నేనూ అడగలేదు.

రెండు రిజిస్టర్లూ చంకలో పెట్టుకుని చౌకీకి పరుగెత్తాను. అమీన్ చాలాసేపు రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. అతని అనుమానం పోలేదు. వాళ్ళ మీద నుంచి నా మీదికి మారింది, అంతే.

"అంటే ఇన్ని దినాల సంది సర్కారుకు ఝూటా లెక్క ఇచ్చినవ్ నువ్వు."

"ఇచ్చిన సాబ్. తెల్వక ఇచ్చిన. తెడ్లియ్యున్రి, మనుషులు చస్తరు."

"కాగితం మీద రాసియ్యి. తప్పు నీదేనని రాసి దస్తకత్ పెట్టు. అప్పుడిస్త."

రాయడమంటే ఉద్యోగం పోయినట్టే. చెరువు కింద గుంటెడు భూమి లేని ఇల్లు మాది, గద్వాలలో నూలు లేక నాయన మగ్గం కూడా ఆగి ఉంది. ఆ క్షణంలో అవన్నీ గుర్తొచ్చాయని చెబితే అబద్ధం. ఓబులేసు దించుతూ ఎత్తుతూ ఉన్న ఆ చాప ఒక్కటే కళ్ళ ముందు ఉంది. రాసిచ్చాను. తెడ్లు తీసుకుని మల్లయ్య మామ చేతిలో పెట్టాను. అతను పుట్టిని నీళ్ళలోకి తోశాడు.

లంక మీద ఏడుగురు ఉన్నారు. అందరిలో పెద్ద బాలప్ప. కౌలు సేద్యగాడు, ఒక జత ఎడ్లు తప్ప వేరే ఆస్తి లేదు. అతని భార్య సాయమ్మ. బాలప్ప లేవనన్నాడు. మేము లేచిన మరుక్షణం అవతలి వాళ్ళు గడ్డి కోసుకుపోతారన్నాడు. రోజూ మీరే గదా సారూ వాళ్ళది దొంగలెక్క అని చెప్పింది, ఇయ్యాల వాళ్ళ మాట ఎట్ల నమ్మాలె అన్నాడు. నిజమే, నేనే చెప్పాను. ఏడుగురికీ నేనే చెప్పాను, అదీ నవ్వుకుంటూ చెప్పాను.

"వాళ్ళ మాట నమ్మకు బాలప్పా. నా మాట తప్పని నేనే చెప్తున్న, అది నమ్ము."

సాయమ్మ నా ముఖం చూసి, కోళ్ళగంప నెత్తికెత్తుకుని పుట్టి వైపు నడిచింది. ఆమె వెనక మిగతా వాళ్ళు. మొదటి విడతలో నలుగురిని ఒడ్డుకు చేర్చాం. రెండో విడతకు తిరిగి వెళ్ళేసరికి నీటి రంగు మారింది. ఎర్రటి నురగ. తుంగభద్ర నీళ్ళు అలాగే ఉంటాయి. ఆ వెనకే ఎగువ నుంచి బండ్లు వరుసగా వస్తున్నట్టు చప్పుడు. బాలప్ప తుమ్మచెట్లలో మేస్తున్న ఎడ్ల కోసం పరుగెత్తాడు. మల్లయ్య మామ అతని నడుం పట్టుకుని లాగి పుట్టిలో పడేశాడు. తక్కిన పశువులు చాలావరకు ఈదుకుంటూ మా వెంటే వచ్చాయి. ఆ రెండు ఎడ్లూ చెట్లలో ఉండిపోయాయి. మిట్ట మధ్యాహ్నానికి లంక లేదు. మా కొయ్య చివరి గీత కూడా మునిగింది.

ఏడుగురూ బతికారు. పొద్దున నేను నవ్వుతూ కూర్చున్న సమయం చేతిలో ఉంటే ఎడ్లు కూడా బతికేవి. అమీన్ అడ్డుపడ్డ సమయం ఎక్కువా, నేను నవ్విన సమయం ఎక్కువా అని చాలాసార్లు లెక్కేసుకున్నాను. ఒడ్డు మీద బాలప్ప తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. సాయమ్మ నా దగ్గరకు వచ్చింది.

"నీ కట్టె మూడడుగులు జరిగితే మా ఎడ్లు పోయినయ్ సారూ. ఇగ ఏం పెట్టి దున్నుతం?"

కోపంగా అనలేదు. అడిగింది, అంతే.

నన్ను సస్పెండ్ చేశారు. అయితే నన్ను సస్పెండ్ చేసిన సర్కారే సెప్టెంబరులో లేకుండా పోయింది. హైదరాబాదు యూనియన్‌లో కలిసింది. దసరా నాటికి పుట్టెలు మళ్ళీ తిరుగుతున్నాయి. వచ్చిన కొత్త అధికారి నన్ను మళ్ళీ పనిలోకి తీసుకున్నాడు. పాత కాగితాలన్నీ ఒకచోట సర్దమని నన్ను తహసీల్ కచేరీకి పిలిపించాడు. అక్కడ ఒక కట్టలో అవతలి గట్టు ముద్రతో, చేపలు పట్టే వాళ్ళెవరో తెచ్చిచ్చిన ఒక లిఫాఫా దొరికింది. కవరు ఎవరూ చింపలేదు. పైన ఎవరో ఉర్దూలో రాశారు, 'దుష్మన్ కాగితం, హుకుం లేనిదే తెరవరాదు' అని. తెరిచాను. నాలుగు వరుసల తెలుగు. మీ పోస్టు మూడడుగులు పైకి జరిగి ఉంటుందని తోస్తున్నది, ఒకసారి చూసుకోగలరు, తప్పుగా అనుకోవద్దు. కింద ఓబులేసు సంతకం. తేదీ చూశాను. గంపలు ఎత్తడం మొదలైన ఐదోరోజు.

మర్నాడు పుట్టి ఎక్కి అవతలి గట్టుకు పోయాను. అతను గుర్తుపట్టి మంచం వాల్చాడు. నేను ముందు అతని రిజిస్టర్ చూపించమన్నాను. మొదటి మూడు రోజులు విశేషాల గడిలో ప్రశ్న గుర్తులున్నాయి. నాలుగో రోజు నుంచి మా లెక్క పక్కన చిన్నగా 'కూడిక 3' అని ఉంది. చివరి దాకా అంతే. నేను ఫరేబ్ అని తోకలు తీసి రాసుకుంటున్న రోజుల్లో అతను నా తప్పును దిద్దుకుని రాసుకుంటూ వచ్చాడు. మమ్మల్ని దొంగలని ఎందుకు అనుకోలేదని అడిగాను.

"మొదుట అనుకొన్యా అన్నా. నాలుగో దినం గూడా మూడే వచ్చె. అబద్దమయితే ఒగ దినమన్నా తప్పుతాది. మీది తప్పలే."

ఇంటి వెనక కొట్టంలో ఒక ఎద్దును చూపించాడు. వరద రోజు కొట్టుకొచ్చి వాళ్ళ రేవులో రాళ్ళకు తట్టుకుందట. రెండోది కూడా వచ్చింది గానీ, ఒడ్డుకు లాగేసరికే పోయిందన్నాడు. బతికినదానికి రెండు నెలలు మేత వేశాడు. దాన్ని పుట్టికి కట్టి, పక్కనే ఈదించుకుంటూ మల్లయ్య మామా నేనూ ఇటు గట్టుకు తెచ్చాం. వీపనగండ్లకు తోలుకుపోయాను. సాయమ్మ ఎద్దు గంగడోలు పట్టుకుని ఏడ్చింది. బాలప్ప మాత్రం చుట్టూ తిరిగి, గిట్టలు చూసి, పళ్ళు చూసి, నా దగ్గరకు వచ్చాడు.

"రెండోది సచ్చిందని నీకెట్ల తెల్సు సారూ? వాళ్ళే ఉంచుకున్నరేమో."

"ఓబులేసు చెప్పిండు."

"నువ్వు చూసినవా?"

"చూడలే."

"మరి నమ్మినవా?"

"నమ్మిన."

బాలప్ప నన్ను జాలిగా చూశాడు. మూడు నెలల కిందట అయితే నేనూ అలాగే చూసేవాణ్ణి.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు అదే పని చేశాను. కొత్త రిజిస్టర్ వచ్చిన రోజు, పాతదాని అట్ట లోపల ఏముందో చూసి మొదటి పేజీలోకి ఎక్కించాకే తక్కిన రాత. అవతలి లెక్క మన లెక్కతో కలవకపోతే కైఫియత్ గడి ముట్టుకోక ముందు మెట్లు దిగి నా కొయ్య చూసుకునేవాణ్ణి. నా చేతి కింద పని నేర్చుకున్న వాళ్ళకు మొదటిరోజు నేను చెప్పిందీ ఇదే. ఒంటెద్దుతో బాలప్ప ఆ ఏడు పొలం దున్నలేకపోయాడని కూడా చెప్పేవాణ్ణి.